నాలుగో వార్డు బయల్దేరింది

శంకుపేట పురపాలక సంఘానికి ఆ ఏడాది లెక్కల పిచ్చి పట్టింది. 'ఒక్క కప్పూ తప్పిపోరాదు' అని పైనుంచి ఎవరో ఉద్యమం మొదలుపెట్టారు. కప్పు అంటే టీ తాగే కప్పు కాదు, ఇంటి మీది కప్పు. ఈ తేడా ఉద్యోగులకు వెంటనే తలకెక్కక, మొదట్లో టీ కొట్ల మీద పడి గ్లాసులు లెక్కపెట్టారని ఊళ్ళో చెప్పుకుంటారు. తర్వాత సర్దుకున్నారు. కప్పు ఉన్న ప్రతిదానికీ ఒక నంబరు వేసి, నీలం రంగు రేకు కొట్టి, స్థిరాస్తిగా పుస్తకాల్లోకి ఎక్కించాలన్నది ఆజ్ఞ. మేడలకు కొట్టారు, పెంకుటిళ్ళకు కొట్టారు, కోళ్ళగూళ్ళకు కొట్టారు. పెద్ద గొడుగు కింద నిమ్మసోడా అమ్ముకునే మనిషికి కూడా నంబరు పడింది. మర్నాడు అతను పక్కవీధిలో కనిపించేసరికి, స్థిరాస్తిని కదిలించినందుకు సంజాయిషీ అడిగారు. అతను కిక్కురుమనకుండా గొడుగు ముడిచేసి, ఆ వేసవంతా నడినెత్తిన ఎండతో సోడా అమ్ముకున్నాడు.

పూలవీధిలో టైలరు తవిటయ్య షెడ్డుకు కూడా ఒక రేకు పడింది. ఇనపకమ్మీల మీద జింకు రేకులు బిగించిన షెడ్డు అది. ఒక పెద్దింటి పెరట్లో ఉండేది. పెరడు అద్దెది గాని షెడ్డు మాత్రం తవిటయ్య సొంతం. పెళ్ళైన కొత్తలో భార్యా తనూ కడుపు కట్టుకుని ఒక్కొక్క రేకూ కొని వేసుకున్నది. లోపల కాలితో తొక్కే మిషన్లు మూడు, బట్ట కత్తిరించే బల్ల, గోడకు ఒక నిలువుటద్దం. బయట 'న్యూ బాంబే టైలర్స్' అని బోర్డు. తవిటయ్య బొంబాయి చూడలేదు, చూడాలని ఎప్పుడూ అనుకోనూ లేదు. నీలం రేకు కొట్టి వెళ్ళిన రోజున మాత్రం తెగ సంబరపడిపోయి, దాన్ని లైనింగు ముక్కతో తుడిచి, భార్య పారమ్మను పిలిచి చూపించాడు.

"సూసినావా? నాలుగో వార్డు, స్థిరాస్తి. మనకీ ఒక ఆస్తుందని ఇన్నాళ్ళకి గవుర్మెంటోళ్ళే ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్నోళ్ళు ఊరికే ఉంటారేటి? పన్ను కట్టమంటారు," అంది పారమ్మ, గుండీలు కుట్టడం ఆపకుండానే.

పన్ను రానే వచ్చింది. దాని వెనకే ఇంకో కబురు వచ్చింది. పెరటి యజమాని ఇల్లూ పెరడూ కలిపి అపార్టుమెంటు కట్టే వాళ్ళకు అమ్మేశాడు. వేసవి సెలవులు అయ్యేలోగా షెడ్డు తీసేయమన్నాడు. తవిటయ్య గుండెలో రాయి పడింది. ఎందుకంటే శంకుపేట కాన్వెంటు, బూరుగువలస హైస్కూలు, రెండు బళ్ళ యూనిఫారాలూ అతని చేతిలోనే ఉన్నాయి. బళ్ళు తెరిచేలోగా కుట్టి ఇవ్వాలి. ఆ ఒక్క సీజను సంపాదన మీదే ఏడాదంతా పొయ్యి వెలగాలి. మిగతా రోజుల్లో వచ్చే జాకెట్లూ చిరుగులూ ఉప్పుకీ పప్పుకీ చాలవు.

అదృష్టం కొద్దీ ఊరి పొలిమేర దాటి కాస్త ముందుకెళ్తే బూరుగువలసలో పారమ్మకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన చారెడు స్థలం ఉంది. కొత్త షెడ్డు వేసే తాహతూ లేదు, వ్యవధీ లేదు. ఉన్న షెడ్డునే ఎత్తుకుపోతే సరి. పారమ్మ తమ్ముడు దాలినాయుడికి ట్రాక్టరుంది, వెనక తగిలించే ట్రక్కూ ఉంది. కాళ్ళ దగ్గర బోల్టులు విప్పి, క్రేనుతో ఎత్తి, ట్రక్కు మీద పెట్టి, తాళ్ళు బిగిస్తే మధ్యాహ్నం భోజనం బూరుగువలసలోనే అన్నాడు దాలినాయుడు. అతను చెప్పినట్టు చేసి ఉంటే ఈ కథే లేదు. కాని తవిటయ్య ఒక పొరపాటు చేశాడు. నంబరు ఇచ్చి గౌరవించిన ఆఫీసుకి ఒక మాట చెప్పి వెళ్దామనుకున్నాడు.

ఆఫీసులో రెవెన్యూ అధికారి అచలపతిరావుగారు. ఆయన ఆ కుర్చీలో ఎప్పుడు కూర్చున్నారో ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఎన్నోసార్లు బదిలీ అయింది గాని ఆయన వెళ్ళలేదు. తవిటయ్య ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"షెడ్డును తరలించుటకు అనుమతి కోరుచున్నాను, అని రాశారు. తమరే రాశారా?"

"కోర్టు కాడ రాయించానండి."

"స్థిరాస్తి అనగానేమి?"

"నాకేటి తెలుసండి బాబూ, తమరే సెలవియ్యాలి."

"స్థిరముగా ఉండు ఆస్తి స్థిరాస్తి. కదిలేది చరాస్తి. మీ షెడ్డు స్థిరాస్తిగా నమోదు చేయబడినది. కనుక కదలదు."

"క్రేను మాట్లాడానండి. అదైతే..."

"క్రేను వేరు, చట్టం వేరు," అన్నారు అచలపతిరావుగారు జాలిగా. "క్రేనుకు బరువు మాత్రమే తెలుసు."

"అయితే అనుమతి ఇవ్వరాండి?"

"ఇవ్వనని నేను అనలేదే! ఒక దరఖాస్తును తిరస్కరించాలన్నా అందులో కోరినది జరిగే పని అయి ఉండాలి. రేపటి నుంచి సూర్యుణ్ణి పడమట పొడిపించుటకు అనుమతి కావాలంటే నేను ఇస్తానా, తిరస్కరిస్తానా? రెండూ చేయను. అసంభవమునకు అనుమతినిచ్చే అధికారం కమిషనరుగారికి కూడా లేదు. వెళ్ళి రండి."

తవిటయ్య మెట్లు దిగుతూ ఆలోచించాడు. వద్దనైతే అనలేదు. జరగదన్నాడంతే. జరగని పనికి జరిమానా ఉండదు కదా అని దాలినాయుడు కూడా అన్నాడు. ఆ ముక్క ఇద్దరికీ నచ్చింది.

మర్నాడు క్రేను వచ్చింది. షెడ్డు కాళ్ళు భూమిని వదిలినప్పుడు కిర్రుమని ఒక చప్పుడు చేసింది. పారమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. షెడ్డును ట్రక్కు మీద కూర్చోబెట్టి, మిషన్లను బల్లకు కట్టేసి, బట్ట తానులన్నీ లోపలే ఉంచి, వాటి మీద పారమ్మ కూర్చుంది. తవిటయ్య గుమ్మంలో నిలబడ్డాడు. ట్రాక్టరు పూలవీధి దాటి బజార్లోకి వచ్చేసరికి జనం పనులు మానేసి చూశారు. ఒకాయన పరిగెత్తుకొచ్చి, నడుస్తున్న షెడ్డులోకి ప్యాంటు విసిరి, "నడుం దగ్గర కాస్త వదులు చెయ్యి తవిటయ్యా," అని చెప్పి పోయాడు. తవిటయ్యకు ఊరేగింపులో పెళ్ళికొడుకులా అనిపించి, మీసం కూడా ఒకసారి దువ్వుకున్నాడు.

ఊరి చివర 'శంకుపేటకు స్వాగతం' అని సిమెంటుతో కట్టిన పెద్ద ద్వారం ఉంది. దాని కిందికి రాగానే పురపాలక సంఘం జీపు అడ్డొచ్చింది. అచలపతిరావుగారు దిగి, షెడ్డు చుట్టూ నెమ్మదిగా ప్రదక్షిణం చేసి, నీలం రేకు దగ్గర ఆగి, ఆఫీసుకి ఫోను చేసి పుస్తకం తీయించారు.

"ఈ నంబరు గల షెడ్డు పూలవీధిలో ఉన్నది," అని ప్రకటించారు.

"ఉండేదండి. పొద్దున్నే తీసేసినాం. ఇదే అది!"

"పుస్తకంలో ఉన్నది. కంటికి కనిపించకపోవుట వేరు, లేకపోవుట వేరు. అది అక్కడ ఉన్నది కనుక ఇది అది కాదు. మరి ఇదేమిటి? రోడ్డు మీద అనుమతి లేకుండా లేచిన కొత్త కట్టడం." ఆయన వంగి ట్రక్కు చక్రాలను వేలితో తట్టి చూశారు. "పునాది కూడా గట్టిగానే వేశారు."

"అది పునాది కాదు సారూ, నా ట్రక్కు!" అని దాలినాయుడు లబోదిబోమన్నాడు.

"కట్టడం దేని మీద నిలబడునో అది పునాది. ఇంజను మీరు తీసుకుపోవచ్చు. పునాదిని మాత్రం విచారణ పూర్తి అయ్యేవరకు కదిలించరాదు."

అలా ట్రాక్టరు వెళ్ళిపోయింది, షెడ్డు స్వాగతద్వారం కింద ఉండిపోయింది. దాలినాయుడు ట్రక్కు లేని ట్రాక్టరుతో ఏం చెయ్యాలో తెలియక రోజూ అక్కడికే వచ్చి కూర్చునేవాడు. తవిటయ్య మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కాలిమిషన్లకు కరెంటుతో పనేముంది? కాన్వెంటు వాళ్ళ చొక్కాలు కత్తిరించి కుట్టడం మొదలుపెట్టాడు. పారమ్మ చక్రం పక్కనే పొయ్యి పెట్టింది. వీధి ఊడ్చేవాళ్ళు వచ్చి తడిచెత్తకు ఒకటి, పొడిచెత్తకు ఒకటి డబ్బాలు ఇచ్చి వెళ్ళారు. కట్టడం అక్రమమే గాని చెత్త సక్రమంగా వేరుచేయాలని చెప్పారు.

అటు పూలవీధిలో ఇంకో గొడవ. అపార్టుమెంటు కట్టేవాళ్ళు ప్లాను మంజూరుకి పెడితే, స్థలంలో తవిటయ్య షెడ్డు అడ్డంగా ఉందని తిప్పి పంపారు. వాళ్ళు కొలతగాళ్ళను తీసుకెళ్ళి బోసి నేల చూపించారు. ఆఫీసువాళ్ళు వచ్చి, ఖాళీ స్థలం మధ్యకు నడవకుండా, షెడ్డు ఉన్నట్టే చుట్టూ తిరిగి చూసి వెళ్ళారు. ఒక గుమాస్తా అయితే తలుపు ఉండాల్సిన చోట వంగి మరీ నడిచాడట. అపార్టుమెంటు వాళ్ళకు పెద్దవాళ్ళతో పరిచయాలున్నాయి. వాళ్ళు గట్టిగా పట్టుబట్టేసరికి విషయం కౌన్సిలు సమావేశం దాకా వెళ్ళింది.

సమావేశంలో అచలపతిరావుగారు లేచి నిలబడి మాట్లాడిన తీరు శంకుపేట ఇప్పటికీ మరిచిపోలేదు.

"అధ్యక్షా! సమస్య జటిలముగా కనబడుచున్నది గాని సులభము. స్థిరాస్తి కదలదు. ఇది మూలసూత్రము. షెడ్డు స్థిరాస్తి. కనుక కదలలేదు. ప్రస్తుతము అది స్వాగతద్వారం వద్ద ఉన్నట్టు ప్రత్యక్ష సాక్ష్యము కలదు. కదలకుండా అక్కడ ఎలా ఉన్నది? అక్కడే ఉండేది కనుక ఉన్నది. షెడ్డు నాలుగో వార్డులో ఉండునని మన రికార్డు ఘోషించుచున్నది. కావున స్వాగతద్వారం నాలుగో వార్డులోనిదే. మనము ఇన్నాళ్ళు మన వార్డు ఎంతవరకు ఉన్నదో సరిగా గుర్తించలేదు, అంతే."

సభ్యులు ముఖముఖాలు చూసుకున్నారు. ఎక్కడో తప్పుంది, అది ఎక్కడో ఎవరికీ దొరకలేదు. కమిషనరుగారికి మాత్రం ఒక సంగతి తోచింది. ఊరి విస్తీర్ణం పెరిగితే పురపాలక సంఘం హోదా పెరుగుతుంది, హోదా పెరిగితే అందరికీ ప్రమోషన్లు వస్తాయి. ఆయన చప్పట్లు కొట్టారు. తీర్మానం ఏకగ్రీవమైంది. పూలవీధి స్థలానికి ప్లాను మంజూరైంది. షెడ్డు అక్రమ కట్టడం కాదని, ఎప్పుడూ కదలలేదని, దాన్ని ఇకమీదట ఎవరు ఎటు లాగినా కదిలినట్టు కాదని ఉత్తర్వు వచ్చింది. ఊరి హద్దు ముందుకి జరగడంతో స్వాగతద్వారాన్ని కూడా జరపాలని ఎవరో అన్నారు గాని, అది కూడా స్థిరాస్తే కాబట్టి జరపడం కుదరలేదు. అందుకే ఇప్పటికీ శంకుపేటకు స్వాగతం శంకుపేట నడిమధ్యలో చెబుతారు.

ఉత్తర్వు విని తవిటయ్య దండం పెట్టాడు. "ఏటైతేనేటి, వదిలేసినారు. దాలినాయుడూ, ఇంజను తగిలించు. సాయంత్రానికి బూరుగువలస."

అప్పుడే ఒక తెల్లకారు వచ్చి ఆగింది. అందులోంచి వెంచరు విశ్వేశ్వరం దిగాడు. అతని అసలు ఇంటిపేరు అందరూ మరిచిపోయారు. పొలాలు కొని, రాళ్ళు పాతి, ప్లాట్లు చేసి అమ్మడం అతని వ్యాపారం. కౌన్సిలులో అంతమంది చేసిన తీర్మానం అసలు అర్థం ఊరు మొత్తమ్మీద ఇతనికొక్కడికే తెలిసింది.

"తవిటయ్య మావయ్యా, నీ షెడ్డు ఎక్కడ నిలబడితే అది నాలుగో వార్డు. అవునా?"

"అలగని రాసిచ్చారు బాబూ."

"అయితే కొంచెం కుడిచేతి వైపు తిప్పించు. మొక్కజొన్న చేల అవతల నా వెంచరుంది. ఇప్పుడు పంచాయతీలో ఉంది. నీ షెడ్డు ఒక్క పూట అక్కడ ఆగిందంటే టౌనులోకి వచ్చేస్తుంది. డీజిలు నాది, భోజనాలు నావి."

తవిటయ్య కుదరదన్నాడు. యూనిఫారాల పని ఉందన్నాడు. విశ్వేశ్వరం నవ్వి ఫోను తీశాడు. కాసేపటికి అచలపతిరావుగారు జీపులో వచ్చారు. ప్రజాప్రయోజనార్థం షెడ్డు ఏ దారిన వెళ్ళాలన్నది ఇకమీదట పురపాలక సంఘమే నిర్ణయిస్తుందని చెప్పారు.

"షెడ్డు నాదండి!"

"మీదే. సందేహం లేదు. మీరే అందులో కూర్చోవచ్చు, కుట్టుకోవచ్చు, పన్ను కూడా మీరే కట్టవచ్చు. అది ఎక్కడ ఉండాలన్నది మాత్రం పట్టణ ప్రణాళిక."

ఆ విధంగా నాలుగో వార్డు బయల్దేరింది. ముందు బ్యాండుమేళం, వెనక ట్రాక్టరు, దాని వెనక తవిటయ్య షెడ్డు, ఆ వెనక జీపు. జీపులో పటం గీసే ఉద్యోగి ఒకడు, రాయి పాతే మనుషులు ఇద్దరు. షెడ్డు ఆగిన చోట రాయి పాతి, కొబ్బరికాయ కొట్టి, పటంలో గీత జరిపేవారు. విశ్వేశ్వరం వెంచరులో గజం ధర సాయంత్రానికే రెట్టింపైంది. మర్నాటికల్లా మిగతా వెంచర్ల వాళ్ళు క్యూ కట్టారు. తూర్పున జీడితోటల వాళ్ళు పిలిచారు, ఉత్తరాన రాళ్ళగుట్ట చదునుచేసిన వాళ్ళు పిలిచారు. ఒకాయన తన కూతురి పేర వేసిన లేఅవుట్‌లో షెడ్డు అడుగుపెట్టాలని ముహూర్తం పెట్టించుకుని, పారమ్మకు చీరె కూడా పెట్టాడు. పారమ్మ చీరె తీసుకుని, "ఇంతకీ మమ్మల్ని మా ఇంటికెప్పుడు పంపుతారు బాబూ?" అనడిగింది. ఆయన దానికి జవాబు చెప్పలేదు గాని రవికె గుడ్డ కూడా ఇచ్చాడు.

పేపర్లలో ఫొటోలు పడ్డాయి. దేశంలో ఏ పట్టణమూ ఇంత వేగంగా నడవలేదని రాశారు. అచలపతిరావుగారికి 'స్థిరసేవారత్న' బిరుదు ఇచ్చి శాలువా కప్పారు. సన్మానానికి ఆయన ఆ షెడ్డు గుమ్మంలోనే నిలబడి ప్రసంగించారు. లోపల తవిటయ్య మిషను తొక్కుతుంటే చప్పుడుకి మాటలు వినబడటం లేదని, కాసేపు ఆపమన్నారు. తవిటయ్య ఆపాడు. ఆయన గంటసేపు మాట్లాడారు. ఆ గంటలో నాలుగు నిక్కర్లు అయ్యేవి.

అసలు కుట్టడం ఎక్కడ కుదురుతోంది? దారంతా గుంతలు. బండి కుదిపినప్పుడల్లా సూది విరిగేది, కుట్టు పాములా వంకరపోయేది. చొక్కా జేబు ఒకటి నడిచి నడిచి చంక కిందికి వెళ్ళింది. విప్పడం, కుట్టడం, మళ్ళీ విప్పడం. బండి ఆగినప్పుడు కుడదామంటే ఆగిన చోటల్లా సభ. తవిటయ్యకు తిండి సయించడం మానేసింది. ఇన్నేళ్ళలో చెప్పిన రోజుకి బట్ట ఇవ్వలేదన్న మాట పడలేదు మనిషి. మూటల్లో కత్తిరించి ఉంచిన చేతులూ కాలర్లూ చూస్తే అతని ప్రాణం ఉసూరుమనేది.

ఒక రోజు కాన్వెంటు డ్రిల్లు మాస్టారు సైకిలు మీద చెమటలు కక్కుకుంటూ వచ్చి షెడ్డుని పట్టుకున్నాడు.

"ఎన్ని రోజులనుంచి తిరుగుతున్నానయ్యా నీకోసం! నాలుగో వార్డులో ఉంటాడన్నారు. ఆ నాలుగో వార్డు ఎక్కడుందో ఒక్కడూ చెప్పడు. పొద్దున తూర్పున ఉందంటారు, వెళ్ళేసరికి ఉత్తరానికి పోయిందంటారు."

"ఇంకొక్క వారం ఆగండి మాస్టారూ. కాల్లు పట్టుకుంటాను."

"నేను ఆగుతాను. బడి ఆగదుగా? మా మేడము రెడీమేడు కంపెనీకి ఆర్డరు ఇచ్చేసింది. కొలతలు రాసుకున్న కాగితాలు ఇచ్చేయమంది."

తవిటయ్య కాగితాలు తీసి ఇచ్చాడు. మాస్టారు వెళ్ళాక, కుట్టిన చొక్కాలు మడతపెట్టి మూటకట్టి, ఆ మూట మీదే ముఖం పెట్టుకుని ఏడ్చాడు. పారమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరింది. తర్వాత లేచి, చీరె కుచ్చెళ్ళు దోపుకుని, ముందున్న తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరే దాలినాయుడూ, కాన్వెంటు పోయింది. బూరుగువలస బడి ఇంకా ఉంది. ఈల్లు రాళ్ళు పాతుకోనీ, ఉపన్యాసాలు సెప్పుకోనీ. నువ్వు బండి తిప్పు. దించేసినాక ఎవడు ఎత్తుతాడో సూత్తాను."

దాలినాయుడు అక్క ముఖం చూసి తల ఊపాడు. జీడితోటల వాళ్ళ సభలో అచలపతిరావుగారు పట్టణీకరణ గురించి కళ్ళు మూసుకుని మాట్లాడుతుండగా, ట్రాక్టరు మెల్లగా మలుపు తిరిగి బూరుగువలస దారి పట్టింది. బ్యాండుమేళం వాళ్ళు అలవాటు కొద్దీ కొంతదూరం వెంట వచ్చారు. పారమ్మ కసిరేసరికి ఆగిపోయారు.

బూరుగువలసలో ఆ వేళకి మనుషుల్లేరు. అందరూ చెరువుగట్టు దగ్గర ఉపాధి పనికి వెళ్ళారు. పారమ్మ స్థలం ఒక చిన్న వేపచెట్టు పక్కన, రెండిళ్ళ మధ్య ఉంది. ట్రక్కును అందులోకి వెనక్కి నడిపించి, దాలినాయుడు ఇంజను ఆపాడు. తవిటయ్య దిగి, చెప్పులు విడిచి, ఆ నేల మీద నిలబడ్డాడు. ఎన్నాళ్ళకో కాళ్ళ కింద కదలని నేల తగిలింది. ఇన్ని రోజుల తర్వాత అతని ముఖంలో నవ్వు కనిపించింది. నలుగురు మనుషుల్ని పిలిచి వాసాలు వేసి దించేద్దాం, చీకటి పడకముందే మిషను తొక్కుదాం అని తాళ్ళ ముళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

ఇంకో ముడి మిగిలి ఉండగా జీపు వచ్చింది. అచలపతిరావుగారు దిగారు. కోపంగా లేరు. పైగా చేతిలో పూలదండ ఉంది. దాన్ని తవిటయ్య మెడలో వేశారు.

"శుభాకాంక్షలు! మేము వచ్చే ఏడాదికి అనుకున్నది మీరు ఈ రోజే సాధించారు. బూరుగువలస ఈ క్షణం నుంచి శంకుపేట పురపాలక సంఘం నాలుగో వార్డు."

రాయి పాతేవాళ్ళు అప్పుడే గొయ్యి తవ్వుతున్నారు. తవిటయ్య దండ తీసి పక్కన పెట్టాడు.

"మంచిదండి. ఇక మాతో మీకు పని నేదు గదా. దించుకుంటాం."

"దించుకొనుటకు వీలుపడదు," అన్నారు అచలపతిరావుగారు, ఎంతో సౌమ్యంగా. "పురపాలక పరిధిలో వ్యాపార షెడ్డుకు నాలుగు వైపులా ఖాళీ వదలాలి. ముందు వైపు రోడ్డుకు, వెనక మురుగుకు, పక్కల గాలికి. ఈ స్థలంలో అదంతా వదిలితే మిగిలేది..." ఆయన కొలిపించి చూశారు. "ఒక మనిషి నిలబడవచ్చు. కూర్చోవడం కష్టం."

"నిన్నటిదాకా ఇక్కడ అలాటి రూలేమీ నేదు గదండి!"

"నిన్నటిదాకా ఇది పంచాయతీ. పంచాయతీలో ఏ అనుమతీ అక్కరలేదు. హాయిగా దించుకోవచ్చు. కాని మీ షెడ్డు వచ్చింది కాబట్టి ఇది పురపాలక సంఘం అయింది కదా."

"అయితే షెడ్డుని అవతలికి తీసేస్తే ఇది మళ్ళీ పంచాయతీ అయిపోద్దా?"

అచలపతిరావుగారు అతని వంక చూసి, చదువురాని పిల్లవాడికి చెప్పినట్టు తల అడ్డంగా తిప్పారు. "తీయుట అనేది ఎలా సాధ్యం? స్థిరాస్తి కదలదు."

ఈలోగా చెరువుగట్టు మీంచి జనం వచ్చేశారు. ఫోనులో కబురు వాళ్ళకు ముందే చేరింది. ఊరు టౌనులో కలిసింది కాబట్టి పల్లెలకిచ్చే ఉపాధి పని రేపటి నుంచి లేదని, ఇళ్ళకు పన్ను పడుతుందని మేస్త్రీ చెప్పి హాజరు మస్తరు మూసేశాడట. అందరికంటే ముందు పారమ్మ చిన్నాన్న వచ్చాడు. భుజం మీద పార అలాగే ఉంది.

"అమ్మా పారమ్మా, నువ్వు మా ఆడపిల్లవి. ఎప్పుడైనా రా, ఉన్నదేదో తిందువుగాని. కాని నీ షెడ్డు మాత్రం వొద్దమ్మా. దాన్ని ఇంకెక్కడికైనా తీసుకుపో."

పుట్టిన ఊళ్ళో ఆ మాట పడతానని పారమ్మ కలలో కూడా అనుకోలేదు. హైస్కూలు హెడ్మాస్టరు కూడా గుంపులో ఉన్నారు. టౌను బడులకు బట్టలు పైనుంచే కుట్టి వస్తాయట, ఇక తవిటయ్యతో పని లేదట. ఆ మాట చెప్పడానికి ఆయన పాపం చాలా మొహమాటపడ్డారు.

తవిటయ్య విప్పిన ముళ్ళన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ బిగించాడు. షెడ్డులోకి ఎక్కి తన మిషను ముందు కూర్చున్నాడు. పారమ్మ బట్ట తానుల మీద కూర్చుంది. దాలినాయుడు ఇంజను స్టార్టు చేసి, మెడ తిప్పి అడిగాడు.

"ఎటు బావా?"

"మునిసిపాలిటీ లేని సోటుకి."

దాలినాయుడు గేరు మీద చెయ్యి వేసి, కాసేపు ఆలోచించి, చెయ్యి తీసేశాడు. "మనం ఎక్కడికెల్తే అదే మునిసిపాలిటీ అయిపోద్ది గదా బావా?"

తవిటయ్య కాలు దానంతటదే మిషను తొక్కుతోంది. సూదిలో దారం లేదు, కింద బట్ట లేదు. వెనక జీపులో అచలపతిరావుగారు ఎక్కి కూర్చుని, పటం ఒళ్ళో పరుచుకుని, చెయ్యి బయటికి చాచి, పోనిమ్మని సంతోషంగా సైగ చేస్తున్నారు.